పిట్ట వెంటనే ముట్టింది

బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, పోయిన మూడో రోజు పొద్దున ప్రాణహిత ఒడ్డున విస్తరాకు పరిచి ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టాం. అన్నం, పచ్చిపులుసు, చేపల కూర, ఓ పక్కన తమలపాకు, వక్క. పిట్ట ముట్టకుంటే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందంటారు. తాతప్పుడు గంటన్నర కాచుకున్నారట. "నీ భూమి అమ్మం" అని బాపు మాటిస్తేగానీ కాకి వాలలేదట. బాపమ్మకు అట్లా కాలేదు. మేం వెనక్కి జరిగేలోపే కాకి వచ్చేసింది.

"అదృష్టవంతురాలు, ఏ ఆశ లేకుండ పోయింది" అని అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఆమెకు మిగల్లేదు సరే, నాకు మిగిలింది.

బతుకమ్మ పాటలు రాసుకోమని బాపమ్మ రెండేళ్లు అడిగింది. "నా ఎన్క ఎవరు పాడుతరే, రాస్కో" అనేది. మాది మహారాష్ట్రలోని సిరోంచ, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను తెలుగు చదువుతాను గానీ రాయడానికి చెయ్యి సాగదు. వచ్చే పండక్కి రాస్తాలే అంటూ గడిపేశాను.

అస్థికలు ప్రాణహిత, గోదావరి కలిసే చోట, కాళేశ్వరం దగ్గర కలిపాం. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు నా చెయ్యి పట్టుకుని మూడు మునకలేసి, తాతకు పిండం పెట్టించింది ఆవిడే.

పదకొండో రోజు కర్మ అయ్యాక గుడికి పోయాం. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. కాళేశ్వరుడంటే యముడు, ముక్తేశ్వరుడంటే శివుడు. ముందు యముడికే మొక్కాలి. చిన్నప్పటి నుంచి మొక్కినదాన్నే, ఆ రోజు చేతులు లేవలేదు. తీసుకుపోయినవాడికి దండమెట్లా పెట్టను? బాపు నా వెనక నిలబడి, "ఆమె ఇప్పుడు ఆయన దగ్గర్నే ఉంది బిడ్డా, మంచిగ చూస్కోమని చెప్పు" అన్నాడు. ఆ మాటే చెప్పి మొక్కాను.

ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి. ఎన్ని నీళ్లు పోసినా పైకి పొర్లవు, లోలోపలే పోయి సంగమంలో కలుస్తాయంటారు. అంటే ఆమె దగ్గరికే. చెంబు వంచి మెల్లగా, ఆఖరి చుక్కదాకా పోశాను. వెనక వరుసలోవాళ్లు ఆగారు, ఎవరూ ఏమీ అనలేదు.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు బాపమ్మ పేరున బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు ఇచ్చాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఆ ఏడు మా ఇంట్లో పేర్చలేదు. అత్తమ్మను కూర్చోబెట్టి గుర్తున్నవి పాడమన్నాను. వేగంగా రాయాలి కదా, తెలుగు పాటల్ని మరాఠీ అక్షరాల్లోనే రాసుకుంటూ పోయాను. ఒక పాటలో నాలుగో చరణం ఆమెకు తట్టలేదు. పక్కింటి అవ్వ అందుకుని పాడింది. వినగానే "బాపమ్మ ఇట్ల పాడది" అన్నాను. మరెట్లా పాడేదో చెప్పలేకపోయాను. అవ్వ పాడిన చరణమే రాసి, పక్కన ఓ చుక్క పెట్టుకున్నాను.