ఒకే వాక్యం, రెండు క్రియలు

ఈ రోజంతా లూకా సువార్త మొదటి అధ్యాయం ఇరవై ఒకటో వచనం దగ్గరే ఆగిపోయాను. రేపు ఆదివారం పిల్లలకు ఈ అధ్యాయమే చెప్పాలి. ఉదయం బట్టలు ఉతికి ఆరేసి, గ్రీకు నిబంధన తెరిచాను.

యాజకుడైన జెకర్యా ధూపం వేయడానికి ఆలయంలోకి వెళ్లాడు. బయట ప్రజలు ఉన్నారు. వాళ్లకు లూకా వాడిన మాట ‘లావోస్’. పుంలింగం, ఏకవచనం. మొదటి క్రియ ‘ఏన్’, దానితో వచ్చే ‘ప్రోస్‌దొకోన్’ రెండూ ఏకవచనమే: ప్రజ ఎదురుచూస్తూ ఉంది. ‘కై’ (మరియు) అనే చిన్న మాట దాటగానే ‘ఎథౌమజోన్’, ఆశ్చర్యపడుతున్నారు, బహువచనం! కర్త అదే, క్రియ మారిపోయింది. రూపాన్ని వదిలి అర్థాన్ని బట్టి చేసే అన్వయం ఇది. దీన్ని వ్యాకరణ దోషమంటే నేను ఒప్పుకోను. యోహాను 6:2లో ‘ఓఖ్లోస్’ అనే జనసమూహం ఏకవచనంలో వెంబడించి, బహువచనంలో సూచక క్రియలను, అంటే అద్భుతాలను, చూస్తుంది. మత్తయి 1:21లో ‘తన ప్రజలను’ అన్నచోట ‘లావోన్’ ఏకవచనం, ‘వారి పాపముల’ అన్నచోట ‘ఆవ్‌తోన్’ బహువచనం. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ అదే.

మధ్యాహ్నం అమ్మ ఫోను చేసింది. “ఈసారి ఉజ్జీవ సభలకు జనం బాగా వచ్చారు నాన్నా” అంది. జనం ఏకవచనం, వచ్చారు బహువచనం! సంతోషంతో ఆ వాక్యాన్ని నోటు పుస్తకంలో లూకా వచనం కిందే రాసుకున్నాను.

అర్థం సంగతికొస్తే, హెబ్రీ పాత నిబంధనను గ్రీకులోకి మార్చిన సెప్టువజింతులో ‘అమ్’ (ప్రజ) అనే మాటకు ఎక్కువగా ‘లావోస్’, ‘గోయ్’ (జాతి) అనే మాటకు ‘ఎత్నోస్’ వస్తాయి. అందుకే లావోస్ అంటే ఇశ్రాయేలు, ఎత్నోస్ అంటే అన్యజనులు అని చాలామంది గీత గీస్తారు. ఆ గీత ప్రతిచోటా నిలవదు. యోహాను 11:50లో ప్రధాన యాజకుడు కయప ఒకే జాతిని ఒకే వాక్యంలో రెండు మాటలతోనూ పిలిచాడు.

సాయంత్రం మొదటి పేతురు 2:10 చదివాను. ‘ఊ లావోస్’, ప్రజ కానివారు. ‘న్యూన్ దె లావోస్ థెయూ’, ఇప్పుడైతే దేవుని ప్రజ. అక్కడ క్రియే లేదు. హోషేయ ప్రవక్త తన కొడుకుకు పెట్టిన లోఅమ్మీ, అంటే ‘నా ప్రజ కాదు’, అన్న పేరే ఆ మాట వెనక ఉంది. మన తెలుగు బైబిలు అక్కడ ‘దేవుని ప్రజ అయితిరి’ అంటుంది. మాటల్లో ‘ప్రజ’ అని ఇప్పుడెవరూ అనరు. అయినా ఆ ఏకవచనాన్ని ఎవరూ సవరించకూడదనే నా కోరిక.