కోటప్పకొండ మీది శివుడి గుడికి వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

గుంటూరు నుంచైతే నరసరావుపేటలో దిగి బస్సో ఆటోనో మారాలి. ఘాట్ రోడ్డుంది గానీ, మోకాళ్లు సహకరిస్తే మెట్లదారే నా ఓటు. ఎండాకాలం మాత్రం తొమ్మిదిలోపే ఎక్కేయండి. ఆ తర్వాత రాయి పెనంలా కాలి, వట్టి కాళ్లతో ఎక్కితే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. కొబ్బరి చిప్పలు పల్చటి కవర్లో వేలాడదీసుకుని నడవొద్దు, కోతులు కవరుతో సహా లాక్కుపోతాయి. జిప్పున్న సంచిలో పెట్టుకోండి.

చాలామంది త్రికోటేశ్వరస్వామిని చూసి అక్కడినుంచే దిగిపోతారు. అది కొండకున్న మూడు శిఖరాల్లో ఒకటైన బ్రహ్మ శిఖరమే. పాత కోటేశ్వరుడి గుడి ఇంకా పైన, రుద్ర శిఖరం మీద ఉంది. గొల్లభామ ఆనందవల్లి మాట తప్పి వెనక్కి చూడటంతో, ఆమె వెంట దిగొస్తున్న స్వామి మధ్యలోనే, ఈ బ్రహ్మ శిఖరం మీద ఆగిపోయాడని స్థలపురాణం. స్వామిది దక్షిణామూర్తి రూపం, అంటే బ్రహ్మచారి గురువు రూపం కాబట్టి ఇక్కడ స్వామికి కల్యాణం చెయ్యరు. ఈ సంగతి తెలియక అడిగేవాళ్లు బోలెడుమంది!

ప్రభలు, అంటే ఊళ్లవాళ్లు ఎత్తుగా కట్టి అలంకరించి తెచ్చే చట్రాలు చూడాలంటే శివరాత్రికి రండి, తీరిగ్గా దర్శనం మాత్రం ఆశించకండి. కొండ చూడాలంటే కార్తీక సోమవారాలు కూడా తప్పించి, మామూలు రోజున పొద్దున్నే రండి.