“ఇవన్నియు నాకు ప్రతికూలముగా ఉన్నవి”

పన్నెండుమంది కొడుకుల తండ్రి యాకోబు నోట వచ్చిన ఈ మాట బైబిల్ మొదటి గ్రంథమైన ఆదికాండము 42వ అధ్యాయం 36వ వచనంలో ఉంది. “యోసేపు లేడు, షిమ్యోను లేడు” అంటూ, చిన్నకొడుకు బెన్యామీనును కూడా తీసుకుపోతామంటున్నారే అని కుమిలిపోతూ అన్న మాట. అక్కడికి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. ఈ మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో దేవునికి తెలుసు.

ఆ తండ్రి బాధలో అబద్ధం లేదు. ఒక కొడుకు, యోసేపు, కనబడకుండా పోయి 20 ఏళ్ళు దాటింది; అన్నలే అతన్ని అమ్మేశారని ఆ తండ్రికి తెలియదు. ధాన్యం కోసం ఐగుప్తుకు వెళ్ళిన పదిమంది కొడుకుల్లో తొమ్మిదిమందే తిరిగొచ్చారు. చుట్టూ కరువు. చెల్లించిన రూకలు మళ్ళీ గోనెల్లోనే కనబడితే, ఇదేం ఉపద్రవమోనని అందరూ భయపడ్డారు.

మరి అదే గడియలో ఐగుప్తులో సంగతేమిటి? యోసేపు బతికే ఉన్నాడు, ఆ దేశాన్ని ఏలుతున్నాడు. షిమ్యోనును ఆపి ఉంచింది అతనే. రూకలు గోనెల్లో పెట్టించిందీ అతనే. బెన్యామీనును తీసుకురమ్మన్నదీ, తర్వాత ఆ తమ్ముణ్ణి చూసి ఆపుకోలేక లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చిందీ అతనే. ఆ రోజు యాకోబును భయపెట్టిన ప్రతిదాని వెనకా సొంత బిడ్డ చెయ్యి ఉంది. పరిస్థితిని దేవుడు అప్పటికే మార్చేశాడు. గుడారానికి ఇంకా కబురు అందలేదు.

అలాగని, “నమ్మితే రేపటికల్లా అన్నీ మారిపోతాయి” అని ఎవరికైనా చెప్పడానికి నాకు మనసొప్పదు. యోసేపుకు 17 ఏళ్ళప్పుడు మొదలైన కష్టం, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడేనాటికి 30 ఏళ్ళు వచ్చేదాకా తీరలేదు. చెరసాలలో తనతో ఉండి బయటపడ్డ పానదాయకుల అధిపతి, అంటే రాజుకు పానపాత్ర అందించేవారి పెద్ద, విడిపిస్తాడనుకుంటే అతన్ని మరిచేపోయాడు. ఆ తర్వాత నిండు రెండేళ్ళు గడిచాయని వాక్యమే చెబుతోంది. చెరసాలలో రెండేళ్ళంటే ఎన్ని రాత్రులు! అయినా, ఆనాడే విడుదలై ఉంటే యోసేపు ఏ దారిన వెళ్ళిపోయేవాడో. ఫరోకు కల వచ్చిన ఉదయాన దాని అర్థం చెప్పమని పిలిస్తే అందేంత దగ్గరలో ఉన్నాడంటే, ఆ చెరసాలలోనే ఉండబట్టి.

నాకు ఇంకా ఇష్టమైన చోటు 43వ అధ్యాయం 14వ వచనం. తెచ్చిన ధాన్యం అయిపోయింది. ఇక బెన్యామీనును పంపక తప్పదు. అప్పుడు యాకోబు, సర్వశక్తుడైన దేవుడు ఆ మనుష్యుని యెదుట మిమ్మల్ని కరుణించును గాక అన్నాడు. వెంటనే, పుత్రహీనుణ్ణి కావలసి వస్తే అలాగే కానివ్వండి అన్నాడు. గొప్ప ధైర్యమేమీ కాదది. వేరే దారి లేక, వణుకుతూనే పిడికిలి విప్పాడు. మనలో చాలామంది నమ్మకం ఇలాంటిదే కదా! దేవుడు దాన్ని చిన్నచూపు చూడలేదు. యాకోబు ఎవరికి భయపడి ప్రార్థించాడో ఆ “మనుష్యుడు” మరెవరో కాదు, ఇన్నేళ్ళూ తాను ఏడ్చిన కొడుకే.

చివరికి కబురు వచ్చినప్పుడు కూడా ముసలాయన వెంటనే నమ్మలేకపోయాడు. తనను తీసుకెళ్ళడానికి యోసేపు పంపిన బండ్లు కళ్ళారా చూశాకే ప్రాణం తెప్పరిల్లింది. 130 ఏళ్ళ వయసులో ఫరో ఎదుట నిలబడి, తాను బతికిన సంవత్సరాలు కొంచెమనీ, దుఃఖంతో నిండినవనీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఐగుప్తులో ఎన్నేళ్ళు బతికాడో 47వ అధ్యాయం లెక్కగట్టి చెబుతుంది: 17. యోసేపును పోగొట్టుకునే ముందు తన దగ్గర ఉంచుకున్నదీ 17 ఏళ్ళే.