ఊరికో కాగితం

కొద్దిపాటి గంజాయి దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తొలగించాలా వద్దా అని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లను 2008 నవంబరు 4న బ్యాలెట్ మీద అడిగారు. ఆ ప్రశ్న బ్యాలెట్ మీదికి ఎక్కడానికి, ఎక్కాక గెలవడానికి ఏడాదికి పైగా పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తల్లో నేనూ ఒకణ్ణి. ఈ మాట చెప్పగానే మనవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు కనుక, నేను గంజాయి ముట్టినవాణ్ణి కాదనీ, నర్సీపట్నం వాణ్ణి కావడం వల్ల దాని సంగతి చిన్నప్పటి నుంచీ ఎరిగినవాణ్ణేననీ ముందే చెప్పుకుంటాను. చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల నుంచి దిగే మూటను మోసిన గిరిజనుడు జైల్లోనూ, మోయించిన ఆసామి ఊళ్లోనూ ఉండటం మా వైపు కొత్త విషయం కాదు. ఆ సరుకు మీద నాకు ప్రేమ ఏ కోశానా లేదు.

నన్ను ఈ పనిలోకి దింపింది మా ఇంటి కింది గదిలో అద్దెకున్న ఎమ్మెస్ విద్యార్థి. 2006లో ఒక రాత్రి స్నేహితుడి కారులో వెళుతుండగా పోలీసులు ఆపితే, అతని చొక్కా జేబులో పావు ఔన్సు కూడా లేని పొట్లం దొరికింది. అప్పటి చట్టం ప్రకారం దానికి ఆరు నెలల వరకు జైలు, 500 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు గాని, మొదటిసారి దొరికినవారిని జైలుకు పంపడం దాదాపు ఉండేది కాదు. అతని వకీలు కూడా, తప్పు జరిగినట్టు ఒప్పుకుంటే కోర్టు నేరం రుజువైందని రాయకుండా కొంతకాలం కేసును అట్టే పెట్టి ఆ తర్వాత కొట్టివేస్తుందని చెప్పి, అలాగే చేయించాడు. స్థానికులకు అది నిజంగా మంచి పరిష్కారమే. అయితే 1996లో మారిన వలస చట్టం అలాంటి ఒప్పుకోలును కూడా నేరనిర్ధారణగానే లెక్కగడుతుందని మాకెవరికీ తెలియలేదు. మరుసటి ఏడాది చెల్లెలి పెళ్లికి ఇండియా వెళ్లినవాడికి తిరుగు వీసా రాలేదు. అతని సామాను అట్టపెట్టెల్లో సర్ది మా నేలమాళిగలో పెట్టాము.

అతను వెళ్లడానికి కొన్ని నెలల ముందే, బాస్టన్‌లోని ఫెనూయిల్ హాల్‌లో ప్రమాణం చేసి నేను పౌరసత్వం తీసుకున్నాను. చేతికి వచ్చిన ఓటును ఏదైనా పనికొచ్చే చోట వాడాలన్న ఉబలాటంతో ఉన్న సమయంలోనే, 2007 వేసవిలో, ఈ పిటిషన్ సంగతి తెలిసింది. ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల వరకు దగ్గర ఉంటే 100 డాలర్ల జరిమానా చీటీతో సరిపెట్టాలనీ, ఆ సంగతి నేర చరిత్ర రికార్డులోకి ఎక్కకూడదనీ దాని సారాంశం. పద్దెనిమిదేళ్లు నిండనివారైతే తల్లిదండ్రులకు కబురు చేస్తారు, నాలుగు గంటల అవగాహన తరగతికి పంపుతారు, పది గంటల సమాజసేవ చేయిస్తారు. అమ్మకం, పెంపకం, మత్తులో కారు నడపడం ఎప్పటిలాగే నేరాలుగా ఉంటాయని ఆ ముసాయిదాలో ఉంది.

మసాచుసెట్స్‌లో ప్రజలే చట్టాన్ని ప్రతిపాదించే పద్ధతి వినడానికి గొప్పగా ఉంటుంది గాని, చేయడానికి దిగితే అదంతా కాగితాల పని. మొదట పదిమంది ఓటర్లు సంతకం చేసిన ముసాయిదాను, ఇది రాజ్యాంగం అనుమతించే విషయమేనని అటార్నీ జనరల్ ధ్రువీకరించాలి. ఆ తర్వాత, అంతకుముందు గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో మూడు శాతానికి సమానమైన ఓటర్ల సంతకాలు కావాలి. ఆ ఏడాది లెక్కన అవి 66,593. వాటిలో ఏ ఒక్క కౌంటీ (మన జిల్లా వంటిది) నుంచీ నాలుగో వంతుకు మించి లెక్కలోకి రావు కనుక, బాస్టన్ వీధుల్లోనో కేంబ్రిడ్జి కాలేజీల దగ్గరో నిలబడి పని ముగించుకునే వీలు లేదు. డిసెంబరు మొదటి బుధవారంలోగా అవి రాష్ట్ర కార్యదర్శికి చేరాలి, అంతకు రెండు వారాల ముందే ఏ ఊరి కాగితాలు ఆ ఊరి గుమాస్తా కార్యాలయానికి వెళ్లి, ఒక్కొక్క పేరూ ఓటర్ల జాబితాతో సరిచూసుకుని రావాలి. ఆ రాష్ట్రంలో ఊళ్లూ నగరాలూ కలిపి 351 ఉన్నాయి.

ఒక కాగితం మీద ఒకే ఊరి ఓటర్ల సంతకాలు ఉండాలన్న నియమం దగ్గర నేను మొదటి వారంలోనే బోల్తా పడ్డాను. రూట్ 9 మీద ఫ్రేమింగ్‌హామ్, నేటిక్ ఊళ్ల మధ్య అంగళ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ నిలబడితే వచ్చేవారిలో ఒకరిది ఆష్‌లాండ్, ఒకరిది మార్ల్‌బరో, మరొకరిది పక్క కౌంటీలోని సౌత్‌బరో అవుతుంది. ప్రతి మనిషినీ ముందు "మీదే ఊరండీ?" అని అడిగి, అట్ట కింద దొంతరగా ఉన్న కాగితాల్లోంచి ఆ ఊరిది వెతికి పైకి తీసేసరికి ఆయన కారు తలుపు వేసుకుని ఉంటాడు. త్వరగా దొరుకుతాయని ఒక రాత్రి కూర్చుని, ప్రతి కాగితం మీదా ఊరి పేరును పసుపు రంగు హైలైటర్‌తో దిద్దాను. మరుసటి శనివారం వాటి మీద ఇరవై మూడు సంతకాలు పట్టుకెళ్లి సమన్వయకర్త బల్ల మీద పెడితే, ఆవిడ వాటిని ఎత్తి చూసి, ఏమీ అనకుండా కుర్చీ పక్కనున్న చెత్తబుట్టలో వేసింది. అచ్చయినదానికి మించి కాగితం మీద ఏ గీత ఉన్నా, ఏ గుర్తు ఉన్నా ఆ కాగితం మొత్తం చెల్లదని 1998లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పిందట. కాఫీ కప్పు మరక పడినా అనుమానమేనని చెప్పి, కొత్త కాగితాలు చేతికిచ్చింది. ఆ ఇరవై మూడు మందిలో ఒక ముసలాయన వణుకుతున్న చేత్తో రెండు నిమిషాలు పట్టి సంతకం చేశాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఊరికో కాగితం బాధకు విరుగుడు నాకు దొరికింది చెత్త పోసే చోట. అక్కడి చాలా ఊళ్లలో మునిసిపాలిటీ బండి ఇంటికి రాదు. శనివారం ఉదయం ఎవరి చెత్త వారు కారులో వేసుకుని ఊరి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి, కారు అద్దం మీద ఆ ఊరి స్టిక్కరు లేకపోతే లోపలికి రానివ్వరు. అంటే అక్కడికి వచ్చే ప్రతివారూ ఆ ఊరివారే, ఒక్క కాగితం చాలు. డాక్టరు మొదలుకుని వడ్రంగి దాకా అందరూ సీసాలు ఒక డబ్బాలోనూ, పాత పత్రికలు ఒక డబ్బాలోనూ వేస్తూ తీరిగ్గా ఉంటారు. వేలాండ్‌లో రెండు శనివారాలు నిలబడి, అంతకుముందు నెల రోజుల్లో తేలేకపోయినన్ని సంతకాలు తెచ్చాను.

మాకు పక్కనే గ్రేహౌండ్ కుక్కల పందేలను నిషేధించాలని కోరేవారు కూడా నిలబడేవారు. ఆ పిటిషన్ కూడా అదే ఎన్నికకు వెళ్లింది. బోనులోని కుక్క ఫొటో చూడగానే జనం కలం కోసం చెయ్యి చాచేవారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి జేబులోకి పోయేది. గంజాయి మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగిన ప్రతిసారీ నేను ఓడిపోయానని కొద్ది రోజులకే అర్థమై, ఆ చర్చ మానేశాను. కాలేజీకి వెళ్లబోయే పిల్లలున్న తల్లిదండ్రులతో, అప్పటి నియమం ప్రకారం కేంద్ర ప్రభుత్వ విద్యా సహాయం పొందుతూ మాదకద్రవ్యాల కేసులో నేరస్థుడిగా తేలిన విద్యార్థికి ఆ సహాయం ఆగిపోతుందని చెబితే మాత్రం ఆగి వినేవారు. కొట్టేసిన కేసు కూడా ఉద్యోగమిచ్చేవారి కంట పడవచ్చునంటే, "మా తమ్ముడికి అదే జరిగింది" అనేవారు ప్రతి శనివారం ఒకరైనా తగిలేవారు.

మనవాళ్ల దగ్గరే నాకు నోరు పెగలలేదు. ఆష్‌లాండ్ లక్ష్మీ గుడి బయట కాగితం తీసే ధైర్యం చివరిదాకా రాలేదు. దసరా సంబరాల్లో, నన్ను అల్లుడిలా చూసుకునే ఒక పెద్దాయన అందరి ముందూ, "ఏమోయ్, గంజాయి వనంలో తులసి మొక్కవనుకున్నాం, నువ్వే వనం పెంచుతున్నావటగా!" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను గాని ఇంటికి వెళ్లేదాకా మా ఆవిడ మాట్లాడలేదు. కారు దిగుతూ, "పిల్లల బళ్లో తెలిస్తే ఏమనుకుంటారండీ?" అని మాత్రం అంది. మరో చిక్కు ఏమిటంటే, కింది గది కుర్రవాడి కథ చెప్పగానే వెంటనే అర్థం చేసుకున్న తెలుగువారు చాలామంది వీసా మీదనో గ్రీన్‌కార్డు మీదనో ఉన్నవారు. వాళ్ల సంతకం ఆ కాగితం మీద చెల్లదు.

సంతకాలు సరిపోయాయి. తర్వాతి మే నెల మొదటి బుధవారం వరకు శాసనసభకు గడువు ఉంటుంది, వారు ఆమోదిస్తే ఎన్నికతో పనే ఉండదు. వారు అటూ ఇటూ తేల్చలేదు. అందువల్ల జులై మొదట్లోగా మరో 11,099 సంతకాలు కావలసివచ్చి, మళ్లీ చెత్త దగ్గరికే వెళ్లాము.

గవర్నర్ డెవల్ పాట్రిక్, బాస్టన్ మేయర్ మెనీనో, ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే పదకొండు మంది జిల్లా అటార్నీలు ప్రతిపాదనను వ్యతిరేకించారు. అటార్నీ జనరల్ మార్తా కోక్లీ చట్టరీత్యా దానిని ధ్రువీకరించి, విధానపరంగా వ్యతిరేకించడం నాకు మొదట వింతగా తోచినా, ఆలోచించగా ముచ్చటేసింది. ఇప్పటి గంజాయి వెనకటిదానికంటే ఘాటైనదన్న వారి మాటకు మా దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు. మా ప్రచారానికి శతకోటీశ్వరుడు జార్జ్ సోరోస్ 4 లక్షల డాలర్లు ఇచ్చారని ఎవరైనా ఎత్తిపొడిస్తే నాకు ఇబ్బందిగానే ఉండేది. చట్టం అమలుకయ్యే ఖర్చులో ఏటా 2.95 కోట్ల డాలర్లు మిగులుతాయన్న హార్వర్డ్ ఆర్థికవేత్త జెఫ్రీ మైరన్ అంచనాను మా కరపత్రాలు పెద్ద అక్షరాల్లో వేశాయి. నా అనుభవంలో ఆ అంకె చూసి మనసు మార్చుకున్నవారు ఒక్కరూ లేరు.

ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రం తలుపుకు 150 అడుగుల లోపు ప్రచారం చేయకూడదు. ఉదయం ఏడింటికి తలుపులు తెరవకముందే గీత అవతల అట్ట పట్టుకుని నిలబడ్డాను. ఒబామా అట్టలవారు, మెకెయిన్ అట్టలవారు, కుక్కలవారు, నేను, అందరం ఒకే డబ్బాలోని డోనట్లు తిన్నాము. బ్యాలెట్ మీద 2వ ప్రశ్నగా ఉన్న మా ప్రతిపాదనకు సుమారు 65 శాతం మంది అవునన్నారు. కుక్కలు కూడా గెలిచాయి.

చట్టం 2009 జనవరి 2న అమల్లోకి వచ్చింది. జరిమానా చీటీ రాసే పోలీసుకు అసలు పేరు చెప్పి తీరాలన్న నిబంధన ముసాయిదాలో లేకపోవడం లోపమేనని నేనూ ఒప్పుకుంటాను; చాలా ఊళ్లు బహిరంగంగా గంజాయి తాగేవారికి వేరే జరిమానాలు పెట్టుకున్నాయి.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి కుర్రవాడు ఫోను చేసి, "అన్నా, నా కేసుకు ఇది వర్తిస్తుందా?" అని అడిగాడు. పాత కేసులకు వర్తించదని చెప్పాను. కొంచెంసేపు ఆగి, వీసా మినహాయింపు కోసం మళ్లీ దరఖాస్తు పెడుతున్నాననీ, కోర్టు రికార్డు ధ్రువీకరించిన నకలు కావాలనీ అన్నాడు. సోమవారం సెలవు పెట్టి కోర్టుకు వెళ్లాను. కిటికీ దగ్గర ఫారం నింపుతున్నప్పుడు గడిలోంచి ఒక్క అక్షరం బయటికి పోకుండా జాగ్రత్తపడ్డాను, అది అలవాటైపోయింది. గుమాస్తా రెండు పేజీలు తీసి, వెనక ముద్ర వేసి, ఆ ముద్ర తడి ఆరేదాకా కాగితాలను గాలిలో ఆడించి కిటికీ కింది నుంచి ఇవతలికి తోసింది.