మూలన పడేసిన 120 గ్రాములు

బీటీ పత్తి గింజలు కొన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బుల్లి ప్యాకెట్ ఒకటి వచ్చేది. పెద్దదాంట్లో బీటీ, చిన్నదాంట్లో మామూలు పత్తి. ఆ మామూలు గింజల్ని చేను చుట్టూ వరసలుగా పెట్టాలని చెప్పేవాళ్లు. పెట్టినవాళ్లు ఎంతమందో గానీ, మా కొట్టు బల్ల మీదే వదిలేసి వెళ్లినవాళ్లు మాత్రం బోలెడుమంది. కొందరు ఇంటికి తీసుకెళ్లి చూరులో దోపేవాళ్లు. పోగుంటలు, అంటే గింజ మొలవని ఖాళీలు, పూడ్చడానికి వాడుకున్నవాళ్లు మహా పొదుపరులు.

మాది గుంటూరులో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. నాన్న పెట్టింది. నేను బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివి వచ్చి అందులోనే కూర్చున్నాను. ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో చెప్పాలంటే పది నిమిషాలు పడుతుంది. జూన్ నెలలో కొట్టు ముందు నిలబడ్డ రైతుకు పది నిమిషాలు ఎక్కడివి? పెదనందిపాడు వైపు నుంచి వచ్చే బాబాయి ఒకాయన ఏటా అదే మాట అనేవాడు: "పురుగు పట్టని పత్తని డబ్బులు తీసుకుంటిరి. పక్కనే పురుగు పట్టే పత్తి పెట్టమంటిరి. ఇదేం లెక్క అబ్బాయ్?"

లెక్క ఉంది బాబాయ్. ఇప్పుడు జనవరి, కొట్టు ఖాళీ. తీరిగ్గా రాస్తున్నా.

ముందు గులాబీ పురుగు సంగతి. ఈ రోజుల్లో ఎవరో ఒకరు క్యారీబ్యాగులో పచ్చికాయలు తెచ్చి బల్ల మీద పోస్తారు. పైకి కాయ నున్నగా, నిక్షేపంలా ఉంటుంది. బొటనవేళ్లతో పగలదీస్తే లోపల ఒక గదిలో దూది పసుపుపచ్చగా గడ్డకట్టి ఉంటుంది, గింజలు డొల్లపడి ఉంటాయి, ఆ డొల్లలో గులాబీ రంగు పురుగు. పుట్టినప్పుడు తెల్లగా, నల్లటి తలతో ఉంటుంది, ఆ రంగు ఎదిగాకే వస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు లేత కాయకు సన్నటి కన్నం పెట్టి లోపలికి దూరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ కన్నం పూడుకుపోతుంది. ఆ తర్వాత మీరు ఏ మందు కొట్టినా తడిసేది కాయ తోలే. సీజన్ చివర్లో కొన్ని పురుగులు రెండు గింజల్ని దారంతో కలిపి కుట్టుకుని, ఆ మధ్యలో ముడుచుకుని నిద్రపోతాయి. అలా గింజతో పాటే జిన్నింగు మిల్లుకు వెళ్తాయి, ఇంటి ముందు పేర్చిన పత్తికట్టెలోనూ ఉండిపోతాయి. మళ్లీ పత్తి పూతకొచ్చే వేళకు లేస్తాయి.

ఎక్కడి నుంచో ఊడిపడ్డ పురుగు కూడా కాదు. 1843లో దీనికి మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టింది మన గుజరాత్‌లోని భరూచ్ పత్తిలో దొరికిన నమూనాలతోనే.

బీటీ పత్తి ఏం చేసిందంటే, మందును కాయ లోపలికే తీసుకెళ్లింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియాలోని జన్యువును పత్తిలో పెడితే, మొక్కే ఆ విషపు ప్రోటీన్‌ను తయారుచేసుకుంటుంది. పురుగు తిన్నాక ఆ ప్రోటీన్ దాని పేగు గోడ మీద తనకు సరిపడే చోటు పట్టుకుని అంటుకుంటుంది, పేగు చిల్లులు పడుతుంది. మనిషి పేగులో ఆ చోటు లేదు, కాబట్టి మనకేం కాదు. మన దేశంలో 2002లో ఒక జన్యువుతో, 2006లో రెండు జన్యువులతో అనుమతి వచ్చింది. ఆ మొదటి ఏళ్లలో మా కొట్లో పత్తి మందుల అమ్మకం బాగా పడిపోయింది. నాన్న మొహం చిన్నబోయింది, రైతుల మొహాలు వెలిగాయి.

అయితే కోట్లాది పురుగుల్లో ఏ ఒకటో రెండో పేగు మీద ఆ చోటు కాస్త తేడాగా ఉన్నవి ఎప్పుడూ ఉంటాయి. వాటికి విషం అంటుకోదు. విషం అంటుకునే ఆ చోటుగా పనిచేసే క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు చెడిపోవడం అందులో ఒక దారి. మన దేశపు పురుగుల్లో పరిశోధకులు వెతికితే ఆ జన్యువు ఒక్క రకంగా కాదు, రకరకాలుగా చెడి కనిపించింది. అంటే తాళం చాలా చోట్ల, ఎవరికి వారే తీసుకున్నారన్నమాట.

ఇక్కడే చిన్న ప్యాకెట్ లెక్క. విషాన్ని పూర్తిగా తట్టుకోవాలంటే మార్పు చెందిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా రావాలి. ఒక్క వైపు నుంచే వస్తే ఆ పిల్ల పురుగు బీటీ తిని చస్తుంది. గట్టు మీద మామూలు పత్తి ఉంటే అందులో మామూలు పురుగులు వేలకొద్దీ పెరుగుతాయి. చేలో బతికి బయటపడ్డ ఒకటీ అరా మొండి పురుగుకు సంబంధం దొరికేది ఆ గట్టు మీది వాటితోనే. వాటి పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. గట్టు ఖాళీగా ఉంటే మొండిది మొండిదాన్నే చేసుకుంటుంది, ఆ సంతానం మొత్తం మొండిదే. బాబాయి వద్దన్న 120 గ్రాములు పురుగుకు వేసిన దాణా కాదు, ఆ పెళ్లిని తప్పించే ఏర్పాటు. నిబంధన ప్రకారం 20 శాతం విస్తీర్ణమో, చుట్టూ అయిదు వరసలో, ఏది ఎక్కువైతే అది పెట్టాల్సి ఉండేది.

పెట్టలేదు. 2010లో ఈ బీటీ జన్యువును తెచ్చిన కంపెనీ మోన్‌శాంటో స్వయంగా ప్రకటించింది, గుజరాత్‌లోని అమ్రేలి చుట్టుపక్కల జిల్లాల్లో గులాబీ పురుగు మొదటి జన్యువును తట్టుకుంటోందని. 2014 నాటికి అదే రాష్ట్రంలో రెండు జన్యువుల పత్తినీ తినడం మొదలుపెట్టింది. తర్వాత మూడు నాలుగేళ్లలో మధ్య, దక్షిణ భారతాల్లోనూ అదే కథ. మన నల్లరేగడి చేలు కూడా అందులోవే.

దీనికి రైతుల్ని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. రెండెకరాల మనిషి, అందులో ఎకరం కౌలుది, అయిదో వంతు పురుగుకు వదిలేస్తాడని ఏసీ గదిలో కూర్చుని అనుకున్నవాళ్లది అసలు తప్పు. అమెరికాలోని అరిజోనాలో మామూలు పత్తి తప్పకుండా పెట్టించారు. 1996 నుంచి పదేళ్ల పాటు పురుగు లొంగుబాటులోనే ఉంది. 2006లో ఇంకో ఎత్తు వేశారు. ఫీనిక్స్‌లోని కేంద్రంలో గులాబీ పురుగుల్ని కోట్లలో పెంచి, రేడియేషన్‌తో గొడ్డుపోయేలా చేసి, రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి చేల మీద వదిలారు. మేతలో ఎర్ర రంగు కలిపేవాళ్లు, చేలో పెట్టిన ఎరబుట్టలో పడ్డ పురుగును నలిపితే ఎర్రగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి అది తమదో, చేనిదో తెలిసేది. ఈ గొడ్డు పురుగులే గట్టు మీది పురుగుల పని చేశాయి కాబట్టి రైతులు చేనంతా బీటీ వేసుకోవచ్చన్నారు. 2018లో అమెరికా తన పత్తి చేలల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించింది. మనకు విమానాలు లేవు సరే.

చైనా సంగతి ఇంకా చిత్రం. యాంగ్జీ నది లోయలో రైతులు డబ్బు మిగుల్చుకోవడానికి హైబ్రిడ్ పత్తి రెండో తరం విత్తనాన్ని వేసుకోవడం మొదలుపెట్టారు. రెండో తరంలో నాలుగో వంతు మొక్కలకు బీటీ ఉండదు, హైస్కూల్లో చదివిన మెండెల్ లెక్కే. ఎవరూ అనుకోకుండానే చేనంతా 25 శాతం మామూలు పత్తి కలిసిపోయింది. పదకొండేళ్లు పురుగుల్ని పట్టి పరీక్షిస్తూ వచ్చిన పరిశోధకులు 2017లో ఫలితాలు వేశారు: మొదట్లో పెరుగుతూ వచ్చిన మొండి పురుగుల వాటా మళ్లీ తగ్గిపోయింది.

మన దగ్గర అదే మెండెల్ లెక్క అడ్డం తిరిగింది. మనం బీటీని దాదాపు మొత్తం హైబ్రిడ్లలోనే అమ్మాం, ఏటా కొత్త ప్యాకెట్ కొనాలిగా మరి. చేలో మొక్కలన్నీ మొదటి తరం, అన్నిట్లో బీటీ ఉంటుంది. కానీ వాటి కాయల్లో పడే గింజ రెండో తరం. ఒకే కాయలో కొన్ని గింజల్లో రెండు జన్యువులూ, కొన్నిట్లో ఒకటే, కొన్నిట్లో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేదే గింజ! విషం లేని గింజతో ఒళ్లు చేసి, తర్వాత విషం ఉన్నదాన్ని రుచి చూస్తుంది. తట్టుకోవడం నేర్పడానికి ఇంతకంటే మంచి బడి ఎక్కడా ఉండదు. పైగా మన హైబ్రిడ్లు ఆరు నెలలు దాటి ఏడెనిమిది నెలలు చేలో ఉంటాయి, నీళ్లుంటే మార్చి దాకా కాయలు తీస్తూనే ఉంటారు. ఒక నెలకు కాస్త అటూ ఇటూగా ఒక తరం, లెక్క వేసుకోండి.

ఇంకో మాట. బీటీని తెచ్చిందే ముఖ్యంగా శనగపచ్చ పురుగు కోసం. అది మన దగ్గర అంతగా తిరగబడలేదు. ఎందుకంటే అది కంది తింటుంది, శనగ తింటుంది, మిరప, టమాటా ఏదీ వదలదు. బీటీ వాసన తగలని పురుగులు ఆ చేలల్లో ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి, ఎవరూ ప్రత్యేకంగా వరసలు పెట్టక్కర్లేదు. గులాబీ పురుగుకు పత్తి తప్ప పెద్దగా గతి లేదు, అందుకే దానికి పత్తిలోనే చోటు పెట్టాల్సి వచ్చింది.

నాన్నకు ఇదంతా చెప్తే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. 80లలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు కొత్తగా వచ్చినప్పుడు మూత తీస్తే చాలు పురుగు చచ్చేదట. 1987 వచ్చేసరికి శనగపచ్చ పురుగు వాటిలో ఒకటైన సైపర్‌మెత్రిన్‌తో స్నానం చేసి లేచేది, పైరుకు మేలు చేసే పురుగులు చచ్చి తెల్లదోమ విరుచుకుపడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అదే పురుగుమందు తాగి పోయిన సంవత్సరం అది. ఆ రోజుల గురించి నాన్న ఎక్కువ మాట్లాడడు.

ఇప్పుడు రెండు రకాల గింజల్నీ ఒకే ప్యాకెట్లో కలిపేసి ఇస్తున్నారు, పారేసే వీల్లేకుండా. ఆలస్యమైనా మంచిదే. దొంగచాటుగా తిరిగే, గడ్డిమందు కొట్టినా చావని పత్తి ప్యాకెట్లలో మాత్రం అలాంటిదేమీ ఉంటుందని నమ్మకం లేదు, నేను అమ్మను. నేను చెప్పేది రెండే. ఒకటి, డిసెంబరుకల్లా పత్తి పీకేసి మొక్కజొన్నో శనగో వేసుకోండి, కట్టె ఇంటికి తేకండి. రెండు, జూన్‌లో మందు కంటే ముందు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనతో మగవాటిని పట్టేవి, కొనండి. బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు సంగతి చూద్దాం.

ఆడ పురుగు వాసనను చేనంతా పరిచి మగవాటికి దారి తప్పించే తాళ్లు కూడా వచ్చాయి. మొన్న బాబాయి తన రెండెకరాలకు సరిపడా ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. పక్క చేలో జతకట్టిన ఆడ పురుగు ఎగిరొచ్చి గుడ్లు పెడితే ఈయన తాళ్లు దండగ. డొంక పొడుగునా ఉన్న చేలన్నీ కలిసి కడితేనే పని చేస్తాయి, వాళ్లందరినీ ఒప్పించుకుని రా, ధర తగ్గించి ఇస్తానన్నాను.

"డొంకలో సగం మంది నాతో మాట్లాడరు అబ్బాయ్," అన్నాడు బాబాయి. కాసేపాగి, "మిగతా సగానికి నువ్వే వచ్చి చెప్పు," అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్తున్నా.