అమ్మ మందుల లెక్క తేలేసరికి ఎనిమిది రోజులు

నిన్న సాయంత్రంతో అయిపోయింది. అమ్మ మందులన్నీ ఒకే కాగితం మీదికి వచ్చాయి, తొమ్మిది కాస్తా ఆరయ్యాయి. రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇదంతా మొదలైన రోజు తెల్లవారుజామున అమ్మకు ఒళ్లంతా చెమటలు, పొంతన లేని మాటలు. మిషన్‌తో చూస్తే షుగర్ 46కి పడిపోయింది. మింగగలుగుతోంది కాబట్టి 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూస్తే 74. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మేమూ వెళ్లాం, చకచకా చేర్చుకున్నారు.

"ఏ మందులు వాడుతున్నారు?" అని డ్యూటీ డాక్టరమ్మ అడిగారు. షుగర్‌కి తెల్లదొకటి, ఆకుపచ్చదొకటి, బీపీకి చిన్నదొకటి అని మొదలుపెట్టాను. "రంగులు కాదండీ, పేర్లు చెప్పండి. రోజూ మీ చేత్తోనే వేస్తున్నారు కదా, ఏం వేస్తున్నారో తెలియదా?" అన్నారు. పక్క మంచాల వాళ్లంతా నా వైపే చూశారు. రెండేళ్లుగా ఒక్క పూట కూడా తప్పకుండా వేస్తున్నానని అందరికీ గర్వంగా చెప్పుకునేదాన్ని. అమ్మ వింటుండగా ఆ మాట పడటం ఇప్పటికీ మనసులోంచి పోవట్లేదు.

ఇంటికెళ్లి మందుల సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించాను. ఆవిడ ఒక్కో స్ట్రిప్ తిప్పి వెనకున్న సన్న అక్షరాలు చదివారు. ఆ తెల్లదీ ఆకుపచ్చదీ, పైన పేర్లు వేరు, లోపల రెండూ షుగర్ తగ్గించే గ్లిమిపిరైడే! ఒకటి పాత డాక్టర్ రాసింది, ఇంకొకటి మోకాళ్ల నొప్పికి వెళ్లినప్పుడు షుగర్ ఎక్కువుందని అక్కడి డాక్టర్ రాసింది. పాత చీటీ ఆయన ముందు పెట్టాను, కనీసం విప్పి చూడలేదు. ఆయన మీద కోపం నాకు ఎప్పటికీ తగ్గదు.

ఆయన రాసిన నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ మాత్రం ఐదు రోజులకే. నొప్పి తగ్గుతోందని నెలన్నర వేసింది మేమే, అది మా తప్పు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి, బీపీకి టెల్మిసార్టాన్, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్ర కూడా వేసుకునేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ, అమ్మ ఈ రెండూ వేసుకుంటోంది. కిడ్నీలు మందగిస్తే గ్లిమిపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోయి షుగర్ మళ్లీ మళ్లీ పడిపోవచ్చట, అందుకే వెంటనే ఇంటికి పంపలేదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.7 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. డైక్లోఫెనాక్, రెండు గ్లిమిపిరైడ్‌లు ఆపేశారు. ఇలా ఆపడం, తగ్గించడం మీ అంతట మీరు చేయకండి.

కాగితం రాసే పని ఆరో తరగతి చదివే మా అమ్మాయికి ఇచ్చాను. స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి, అసలు మందు పేరు ఇంకొకటి ఉంటుందని తనే పట్టేసింది. మా ఇంట్లో ఉన్న జలుబు మాత్రలో కూడా పారాసిటమాల్ ఉందని చూపించింది. పెద్దవాళ్లకైనా అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడని మందు అది, కొందరికి ఇంకా తక్కువే. లెక్కల పుస్తకంలో ఎన్నెన్నో నేర్పుతారు, మందు స్ట్రిప్ చదవడం కూడా బడిలో నేర్పి తీరాలి.

మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, దేనికోసం, ఎవరు రాశారు, ఇవన్నీ కాగితంలో ఉన్నాయి. ఒకటి నా పర్సులో, ఒకటి అమ్మ దిండు కింద. మోకాళ్ల నొప్పి మాత్రం ఇంకా ఉంది, డాక్టరమ్మ చెప్పినంత వరకే పారాసిటమాల్ వేస్తున్నాను. సోమవారం మళ్లీ క్రియాటినిన్ పరీక్ష.