చదవడం వచ్చాక కూడా చదివి వినిపించడం

పిల్లలకి చదవడం వచ్చేదాకానే మనం చదివి వినిపించాలి, ఆ తర్వాత "నీకు వచ్చుగా, నువ్వే చదువుకో" అని పుస్తకం చేతికిచ్చేయాలి అని చాలామంది అనుకుంటారు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. మా అమ్మాయి టీనేజ్‌లో ఉంది, అబ్బాయి ఆ గడప దగ్గర ఉన్నాడు, అయినా కుదిరిన ప్రతి రాత్రీ ఏదో ఒక పుస్తకం తీసి పైకి చదువుతాను. అవి వాళ్ల వయసుకి తగ్గవి కూడా కాదు, చాలాసార్లు చిన్నప్పుడు విన్న బొమ్మల పుస్తకాలే, అట్టలు ఊడిపోయి టేపు అంటించినవి.

ఇంత పెద్ద పిల్లలకి ఇంకా ఏంటీ అని ఎవరైనా వాదనకి దిగితే చెప్పడానికి నా దగ్గర కొన్ని సంగతులున్నాయి. పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగేదానికంటే విని అర్థం చేసుకోగలిగేది చాలా ఏళ్లు ఎక్కువే ఉంటుందని, ఎనిమిదో తరగతి దగ్గరికి వస్తే గానీ ఆ రెండూ సమానం కావని జిమ్ ట్రెలీజ్ అనే అమెరికన్ రచయిత చెబుతూ వచ్చారు. పైకి చదివి వినిపించడం అన్ని తరగతుల్లోనూ కొనసాగాలని 1985లో అక్కడ వచ్చిన ఒక నివేదిక కూడా చెప్పింది. 1988లో హేస్, అహ్రెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క చూస్తే, పిల్లల పుస్తకాల్లో కనిపించే అరుదైన మాటలు, డిగ్రీలు చదివిన పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడుకునేటప్పుడు వాడేవాటికంటే ఎక్కువని తేలింది. సరే, ఇవన్నీ వాదన కోసం. నేను చదివేది మాత్రం వీటికోసం కాదు, హాయిగా ఉంటుందని.

ఈ వయసు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది, ఎందుకలా ఉన్నావు" అని అడిగి చూడండి, "ఏం లేదు" తప్ప ఇంకో మాట రాదు. అదే పక్కపక్కన కూర్చుని పుస్తకం చూస్తుంటే ఇద్దరి చూపూ పేజీ మీదే ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవరి మొహమూ చదవక్కర్లేదు, అందుకే స్కూల్లో జరిగిన గొడవ లాంటివి కథలో ఎలుగుబంటి దారి తప్పిపోతున్న చోట, ఏ సంబంధమూ లేకుండా, బయటికొస్తాయి. అప్పుడు నేను ఆపి వింటాను, అయిపోయాక మళ్లీ ఎలుగుబంటి దగ్గరికి వెళ్తాం. పరీక్షల టెన్షన్‌లో ఉన్నప్పుడైతే మా అమ్మాయే బాగా తెలిసిన కథ వెతికి తెస్తుంది, చివరికి ఎలుగుబంటి ఇల్లు చేరుతుందని తెలిసి వినడమే దానికి కావాలి.

చిన్నపిల్లల పుస్తకాలు రాసేదే నోటితో చదవడానికి కదా, అందుకే వాటిలో వాక్యాలు నాలుకకి తేలిగ్గా తిరుగుతాయి, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే అది వచ్చే చోట ముగ్గురం కలిసి అరుస్తాం. పైగా ఇప్పుడు వీళ్లకి విమర్శ కూడా వచ్చేసింది. "అంత తెలివైన నక్క అయితే ఆ వంతెన ముందే చూసుకోదా" అని మావాడు కథ ఆపేసి నిలదీస్తాడు. బొమ్మలో ఓ మూల, కథలో ఎక్కడా చెప్పని ఒక ఎలుక ప్రతి పేజీలోనూ ఏదో తింటూ ఉంటుంది. చిన్నప్పుడు అన్నిసార్లు చూసిన పుస్తకమే, ఎవరికీ కనపడలేదు!

చదివాక ప్రశ్నలు వేయకండి. "ఇందులో నీతి ఏంటి" అన్నారంటే మర్నాడు పుస్తకం దగ్గరికే రారు, వాళ్లకి అలాంటివి పగలంతా సరిపోతాయి. ఫోన్ చూస్తూ వింటున్నా విననివ్వండి, నిద్రొచ్చి నేను ఒక లైను దాటేస్తే తల ఎత్తకుండానే "అమ్మా, మధ్యలో ఒకటి వదిలేశావు" అంటుంది మా అమ్మాయి, అంటే వింటున్నట్టే. ఈరోజు వద్దంటే వద్దు, బతిమాలడాలు లేవు. ఆడియో పుస్తకాలు కూడా వింటాం, ప్రయాణాల్లో బాగుంటాయి, కానీ పిల్లలు నవ్వుతుంటే అవి ఆగవుగా.

ఎప్పుడో మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే లావుపాటి నవలతో మొదలుపెట్టకండి, ఒక్కసారి కూర్చుంటే అయిపోయే సన్న పుస్తకం తీసుకోండి, వాళ్లు చిన్నప్పుడు చించి పెట్టినదైతే మరీ మంచిది. కొన్నాళ్లయ్యాక వాళ్లే లాక్కుని చదువుతారు. మా ఇంట్లో అయితే దెయ్యం కథలకి మా అబ్బాయే గొంతు మార్చి చదవాలి, నాకు రాదట. ఇప్పుడు కొత్తది ఏది మొదలుపెట్టాలన్నదాని మీద అక్కాతమ్ముళ్ల మధ్య పంచాయితీ నడుస్తోంది, ఇంకా తేలలేదు.